ఉంగరం వచ్చింది, దుప్పటి రాలేదు

(‘రెండు నదుల ఆట’ – పధ్నాలుగో భాగం)

పోయినవారం మనం ఆగింది కర్రాదా పేటలోని ముహన్నద్ ఆటల హాల్లో. తలుపు తెరుచుకుంది, లోపలికి వచ్చిన మనిషిని చూసి రఫల్ మొహం మారిపోయింది. ఆ మనిషి దగ్గరికి వెళ్ళేముందు, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. పాతవాళ్ళు ఈలోగా చాయ్ తాగండి.

రఫల్ మా బాగ్దాదు పిల్ల. ‘నహ్రైన్’, అంటే రెండు నదులు, అనే కార్డుల ఆట ఆమె బుర్రలోంచి పుట్టింది. బొమ్మలన్నీ ఆమె స్నేహితుడు సినాన్ వేశాడు. అచ్చు వేయించేదీ, పోటీలు నడిపేదీ ముహన్నద్. ఎవరికి వాళ్ళు కార్డులు కూర్చుకుని కట్ట కట్టుకు రావాలి, ఎదుటివాడి కోట తలుపులు ఏడూ ముందుగా కూల్చాలి, అంతే ఆట. మొదట్లో బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత రెండో పెట్టె వచ్చింది, దాంతోపాటు ‘వరద’ వచ్చింది. ఆ కార్డు వేస్తే ఎదుటివాడు బల్లమీద పరుచుకున్న సైనికులూ పడవలూ గోడలూ అన్నీ ఒక్కసారే కొట్టుకుపోతాయి. అది మామూలు మనిషికి దొరకదు. దొరికిన ఆ నలుగురైదుగురే ప్రతి పోటీలోనూ గెలుస్తూ వచ్చారు. మొదటి రోజు నుంచీ ఆడుతున్న మంగలి లుఅయ్ ఒకసారి కూర్చున్న కాసేపటికే ఓడిపోయి, తన కట్టను బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు రఫల్ అన్నం తినలేదు.

అందుకని మూడో పెట్టె తయారుచేసింది. పేరు ‘మహల్లా’, అంటే మన పేట. అందులో ప్రతి ఆటగాడి ముందూ ఐదు కార్డులు బోర్లా పడుకుని ఉంటాయి. వాటిని పిడికిళ్ళు అంటారు. ఐదింట్లో ఒకటి ఉంగరం. ఎంత వరద వచ్చినా బోర్లా ఉన్న కార్డు తడవదు. ఎదుటివాడి ఉంగరం ఎక్కడుందో కనిపెడితే వాడి తలుపులు మూడు ఒకేసారి కూలతాయి, తప్పు చెబితే చెప్పినవాడి తలుపే ఒకటి పోతుంది. రంజాను రాత్రుల్లో మా పేటల్లో మగవాళ్ళు వరసగా కూర్చుని పిడికిట్లో ఉంగరం దాచి ఆడే మహేబిస్ ఉంది చూశారూ, అదే కార్డుల్లోకి వచ్చింది. వరద లేనివాడికి కూడా గెలిచే దారి దొరికింది.

ముహన్నద్‌కి ఇది మింగుడు పడలేదు. వరద ఉన్నవాళ్ళంతా అతని దోస్తులే కదా. “ఉంగరం దాచడం చిన్నపిల్లల ఆట. చూడగలిగినవాడెవడైనా పట్టేస్తాడు. నేనొక మనిషిని తెస్తాను. మూడుసార్లు దాచు. మూడుసార్లూ పట్టేస్తే, ఆ నియమం తీసేస్తున్నానని నీ నోటితోనే అందరిముందూ చెప్పాలి. ఒక్కసారి తప్పినా సరే, పోటీ నీ నియమాలతోనే” అన్నాడు. రఫల్ ఎవరిని తెస్తావని కూడా అడక్కుండా సరే అనేసింది. పట్టుదల ఎక్కువైనప్పుడు మనిషికి ప్రశ్నలు తక్కువవుతాయి.

అతను తెచ్చిన మనిషి అబూ గాయిబ్. కాజిమియా పేట మహేబిస్ జట్టు నాయకుడు. నలభైమంది వరసలో ఉంగరం ఎవరి గుప్పిట్లో ఉందో మొహం చూసి చెప్పేవాడని పేరు. అంతకంటే ముఖ్యం, రఫల్ తల్లికి సొంత అన్న. పుట్టినప్పటి నుంచీ ఆమె ‘ఖాలూ’ అని పిలిచే మేనమామ.

* * *

“సలామ్ అలైకుమ్” అన్నాడు అబూ గాయిబ్, భుజాల మీది గోధుమరంగు అబాని, ఆ పొడుగాటి పైవస్త్రాన్ని, సర్దుకుంటూ. “ఏం పిల్లా, మొహం అలా పెట్టావు? మేనమామ వస్తే లేచి నిలబడాలి. మీ అమ్మ ఇదేనా నేర్పింది?”

రఫల్ లేచి ఆయన భుజాన్ని ముద్దుపెట్టుకుంది. “నువ్వా, ఖాలూ? ఇతను పిలిస్తే వచ్చావా?”

“ఒక ఉంగరం తీయాలి హాజీ అన్నాడు. ఎవరిదో చెప్పలేదు. చెప్పినా వచ్చేవాణ్ణే అనుకో. ఉంగరం అంటే నా కాళ్ళు ఆగవు, నీకు తెలీదా ఏంటి?”

“ఇప్పుడు తెలిసిందిగా ఎవరిదో. ఇంటికెళ్ళి పడుకోవచ్చు.”

“పడుకుంటే కాజిమియాలో తలెత్తుకు తిరిగేదెలా? మేనకోడలి దగ్గర పారిపోయాడంటారు. చూడమ్మా, చాయ్ నేను తాగిస్తాను, భోజనం మీ అత్త పెడుతుంది. ఉంగరం మాత్రం తీసుకుపోతా.”

హాలు గొల్లుమంది. కుర్చీలన్నీ ఆ ఒక్క బల్ల చుట్టూ చేరాయి. ముహన్నద్ ముందే తెప్పించిన జిలేబీ, బక్లావా పళ్ళేన్ని అందరూ చూసేలా మధ్యలో పెట్టించాడు. మహేబిస్‌లో గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ కలిసి తినే పళ్ళెం అది. ముహన్నద్ అప్పుడే తినడం మొదలుపెట్టాడు. అతని గురించి నాకు గొప్ప అభిప్రాయం లేదని మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు.

రఫల్ కూర్చుంది. ఐదు కార్డులు తీసుకుంది, బల్ల కింద వాటిని తారుమారు చేసి వరసగా బోర్లించింది. ఉంగరం మూడోది. చేతులు ఒళ్ళో పెట్టుకుని మేనమామ గడ్డం వైపు చూస్తూ కూర్చుంది.

అబూ గాయిబ్ కార్డుల వైపు చూడనే లేదు. చాయ్‌లో చక్కెర కలుపుకున్నాడు. “అమ్మ మోకాలు ఎలా ఉంది?” అని అడిగాడు.

“ఫరవాలేదు.”

“ఆ నూనె రాస్తోందా?”

“రాస్తోంది.”

“మొదటి కార్డుకి రాస్తోందా, మూడోదానికి రాస్తోందా?” అన్నాడు. జనం నవ్వారు. రఫల్ నవ్వలేదు. ఆయన గ్లాసు కింద పెట్టి, “మూడోది. ఇచ్చెయ్” అన్నాడు.

తిప్పితే ఉంగరం.

రెండోసారి రఫల్ జాగ్రత్త పడింది. తలకి చుట్టుకున్న శాలువాని ముక్కు దాకా లాక్కుంది. కళ్ళు మూసుకుంది. చాయ్ మాటకీ అమ్మ మాటకీ జవాబు చెప్పలేదు. అబూ గాయిబ్ ఈసారి సరదా పడ్డాడు. ఒక్కొక్క కార్డు మీదుగా గాలిలో వేలు నడిపిస్తూ, “ఇది తెరువు, ఖాళీ” అన్నాడు. ఖాళీయే. “ఇది తెరువు. ఇదీ తెరువు. ఇదీ.” అన్నీ ఖాళీయే. చివరికి ఒక్కటే మిగిలింది. మహేబిస్‌లో ఇంతకంటే అవమానం లేదు. ఖాళీ చేతులన్నీ ఒలిచేసి ఉంగరాన్ని ఒంటరిగా నిలబెట్టడం అది.

“కళ్ళు మూసుకుంటే మెడ మూసుకుపోతుందా, పిచ్చిపిల్లా? నా వేలు ఐదోదాని మీదికి వచ్చినప్పుడల్లా గుటక మింగావు” అన్నాడు.

ముహన్నద్ జిలేబీ వేళ్ళు నాకుతూ లేచాడు. “ఇంకోసారి ఎందుకులే రఫల్? హాజీని శ్రమ పెట్టడం. నియమం తీసేస్తున్నానని ఒక్క మాట చెప్పు, పళ్ళెం అందరికీ పంచేద్దాం.”

“మూడుసార్లన్నావు. రెండే అయ్యాయి” అంది రఫల్.

* * *

ఆమె ముఖం కడుక్కోవడానికి వెనక్కి వెళితే సినాన్ వెంట వచ్చాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వేళ్ళకి ఎప్పుడూ రంగులుంటాయి. వరద కార్డు మీది ఆ బొమ్మ, పడవలూ మేడలూ మింగేస్తూ వచ్చే గోధుమరంగు నీళ్ళు, అది అతని చేతిదే. ఆ బొమ్మ కోసమే కార్డు కొనేవాళ్ళున్నారు.

“చాలు రఫల్. ఈసారికి వదిలెయ్. వచ్చే పెట్టెలో పెడదాం” అన్నాడు.

“వచ్చే పెట్టె అచ్చయ్యేనాటికి ఆడేవాళ్ళెవరు మిగులుతారు? లుఅయ్ మానేశాడు. వాడి తమ్ముడు మానేశాడు. మొన్న పది బల్లలకీ కలిపి ఎంతమంది వచ్చారో నువ్వూ చూశావుగా?”

“అందరి ముందూ ఓడిపోతావు.”

“ఓడిపోతే ఓడిపోతాను. నా నోటితో నేనే తీసెయ్యను.”

సినాన్ ఇంకేదో చెప్పబోయి ఆపేశాడు. రఫల్ మొహం తుడుచుకుని బల్ల దగ్గరికి తిరిగి వచ్చింది. కూర్చుంది కాని కార్డులు ముట్టుకోలేదు.

“ఖాలూ, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. నలభైమందిలో ఒకణ్ణి పట్టడానికి నీకు ఎంతసేపు పడుతుంది?”

“ఒక్కోసారి సగం రాత్రి. ఒక్కోసారి పట్టలేను కూడా. అదేం సిగ్గుపడే విషయం కాదు.”

“మరి నన్ను చాయ్ తాగేలోపు పట్టేశావే?”

“నువ్వూ ఒక వరసేనా?” ఆయనకి నవ్వొచ్చింది. “అక్కడ ఎన్ని మొహాలు! ఒక్కడికి తెలుసు, మిగతావాళ్ళకి తెలియదు. తెలియనివాడు తెలిసినట్టు నటిస్తాడు, తెలిసినవాడు తెలియనట్టు నటిస్తాడు, నా తల తిరిగిపోతుంది. ఇక్కడో? దాచిందీ నువ్వే, పట్టుకున్నదీ నువ్వే, నా ఎదురుగా కూర్చున్నదీ నువ్వే. ఐదు కార్డులున్నా మొహం ఒక్కటే. నాకు కార్డులతో పనేంటి?”

“దాచినవాడి మొహం చూస్తే అక్కడా దొరికిపోతాడు కదా?”

“వాడు మొహం చూపిస్తేగా! దుప్పటి కప్పుకుని వరస పొడుగునా ప్రతి గుప్పిట్లోనూ చెయ్యి పెట్టుకుంటూ పోతాడు. ఎవడి దగ్గర వదిలాడో పక్కవాడికి కూడా తెలియదు. అయ్యాక గోడవైపు తిరిగి నిలబడతాడు. దుప్పటి లేకుండా మహేబిస్ ఏంటమ్మా? చలికి కప్పుకున్నామనుకున్నావా?”

రఫల్ నిజంగా అలాగే అనుకుంది.

ఇందులో ఆమెని తప్పుపట్టేదేమీ లేదు. మా పేటల్లో ఆడపిల్లలకి ఆ వరసలో చోటుండదు. ఆమె ఆ ఆట చూసిందంతా మేడమీంచే, అమ్మమ్మ పక్కన మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని. పైనుంచి పిడికిళ్ళు కనిపిస్తాయి, అరుపులు వినిపిస్తాయి. దుప్పటి కింద ఏం జరుగుతుందో కనిపించదు. ఆమె చూసిన రంజానులన్నీ చలికాలంలో వచ్చినవి. పెద్దదై ఆ ఆటని కార్డుల్లోకి తెచ్చినప్పుడు పిడికిళ్ళు తెచ్చింది, ఉంగరం తెచ్చింది, దుప్పటిని మేడకింద వదిలేసింది.

“పప్పులో కాలేశాను” అంది పైకే. వెంటనే లేచి నిలబడింది.

“నియమం మారుస్తున్నాను. అందరూ వినండి. ఐదు పిడికిళ్ళనీ గుడ్డ కింద వేరేవాళ్ళు కలుపుతారు. ఉంగరం ఎక్కడుందో దాని సొంతదారుకి కూడా తెలియదు.”

“ఓహో!” అన్నాడు ముహన్నద్. “ఆట మధ్యలో నియమం మారుస్తావా? ఇదేం అన్యాయం హాజీ!”

“పెట్టె ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. వెళ్ళేదాకా ఆ నియమం నాది. నిలబడుతుందో లేదో చూద్దామన్నది నువ్వే. కాళ్ళు విరిచేసి పరుగెత్తమంటావా?”

“పోనీ అలాగే అనుకుందాం. నీ ఉంగరం ఎక్కడుందో నీకే తెలియకపోతే ఎలా కాపాడుకుంటావు? అది ఆటా, లాటరీనా?”

మంచి ప్రశ్నే. ముహన్నద్‌కి బుద్ధి తక్కువని నేనెప్పుడూ అనలేదు. రఫల్ బల్లమీది కార్డొకటి ఎత్తి, చూసి, మళ్ళీ బోర్లించింది.

“తెలుసుకోవచ్చు” అంది మెల్లగా, ఒక్కొక్క మాటా అప్పుడే దొరుకుతున్నట్టు. “నీ వంతు ఒకటి వదులుకో, నీ పిడికిలి ఒకటి ఎత్తి చూసుకో. ఉంగరం కనపడితే దాని ముందు గోడ పెట్టుకో. కాని చూసిన క్షణం నుంచీ అది నీ మొహం మీద ఉంటుంది. చూడకపోతే మొహానికి ఏమీ తెలియదు, గోడ ఎక్కడ పెట్టాలో నీకూ తెలియదు. ఏది కావాలో ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి.”

వెనకవరసలోంచి, “అరె! ఇదీ ఆటంటే!” అని ఒక గొంతు వినిపించింది. తిరిగి చూస్తే మంగలి లుఅయ్. ఆడటానికి రాలేదు, వేడుక చూడ్డానికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇప్పుడు ఒక కుర్చీ లాక్కుని, ముందున్నవాళ్ళని మోచేతులతో జరుపుకుంటూ బల్ల పక్కకి వచ్చేశాడు. అతన్ని చూసి రఫల్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

అబూ గాయిబ్ తన అబా విప్పి బల్లమీద పరిచాడు. “ఇందాకటి నుంచీ దుప్పటి లేకుండా ఆడించి నన్ను పిచ్చివాణ్ణి చేశారు మీరు. ఇదిగో దుప్పటి. కలపండి.”

“నేను కలుపుతాను” అంటూ సినాన్ ముందుకొచ్చాడు.

“నీ మనిషి ఒక్కడే కలిపితే ఎలా?” అన్నాడు ముహన్నద్. “తర్వాత నా చెయ్యి కూడా పడాలి.”

“పడనీ” అంది రఫల్.

ఉంగరాన్ని అందరికీ చూపించి, నాలుగు మామూలు కార్డులతో కలిపి సినాన్ చేతికిచ్చింది. సినాన్ చేతులు అబా కింద కదిలాయి, ఆగాయి. తర్వాత ముహన్నద్ చొక్కా చేతులు పైకి మడిచి, ఏదో మహత్కార్యం చేస్తున్నట్టు చాలాసేపు కలిపాడు. అబా తొలగించేసరికి ఐదు కార్డులు వరసగా బోర్లా ఉన్నాయి. రఫల్ గోడవైపు తిరిగి నిలబడింది కాబట్టి ఏమీ చూడలేదు. వచ్చి కూర్చుంది. శాలువా భుజాల మీదికి దింపేసుకుంది. తిన్నగా మేనమామ కళ్ళలోకి చూసింది.

* * *

అబూ గాయిబ్ చూశాడు. చాయ్ ఊసెత్తలేదు. వేలు గాలిలో నడిపించాడు, ముందుకీ వెనక్కీ. రఫల్ మెడ కదల్లేదు. కదలడానికి అందులో ఏమీ లేదు. ఆయన ముందుకి వంగాడు. “మీ నాన్న పోయినరోజు నువ్వు...” అని మొదలుపెట్టి, అది మరీ అన్యాయమని తనకే తోచి ఆపేశాడు. మొదటిసారిగా చెయ్యి చాచి కార్డుల అంచులు తడిమాడు.

“మొదటిది తెరువు.” చేపలవాడు. ఖాళీ.

“నాలుగోది తెరువు.” కుమ్మరి. ఖాళీ.

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. లుఅయ్ కుర్చీ చివరికి జరిగాడు. “తొందరేం లేదు హాజీ, మాకు రేపటిదాకా పనేం లేదు” అని ఎవరో అంటే, “నోరుముయ్యరా” అన్నాడు అబూ గాయిబ్ తల తిప్పకుండానే.

“ఐదోది తెరువు.” పడవవాడు. ఖాళీ.

రెండు మిగిలాయి. అబూ గాయిబ్ రఫల్ మొహంలోకి చివరిసారిగా చూశాడు. అక్కడ ఆయనకి దొరికింది ఒకటే, ఓడినా లేచి మళ్ళీ మొదలుపెడతాననే మొండితనం. చెల్లెలి మొహంలో చిన్నప్పటి నుంచీ చూసినదే. అది ఉంగరం జాడ చెప్పేది కాదు.

“రెండోది” అన్నాడు. “ఇచ్చెయ్!”

రఫల్ తిప్పింది. ఖర్జూరాలు అమ్మే ముసలామె.

“బాత్!” అని అరిచింది హాలంతా ఒక్క గొంతుతో. మహేబిస్‌లో ఉంగరం దొరకనప్పుడు వేసే కేక అది, రాత్రికి ఉంగరం మా ఇంట్లోనే పడుకుందని. “బాత్! బాత్!” లుఅయ్ కుర్చీ ఎక్కాడు. అబూ గాయిబ్ తొడ చరుచుకుని నవ్వాడు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. రఫల్ మాత్రం రెండు చేతులూ బల్లకి ఆనించి అలాగే కూర్చుంది. నియమం నిలబడింది. ఆమెకి కావలసింది అంతే.

“సరే పిల్లా, ఇప్పుడు ఉంగరం చూపించు” అన్నాడు అబూ గాయిబ్. ఓడినవాడి హక్కు అది. బాత్ అని అరిచాక ఉంగరం పట్టుకున్నవాడు దాన్ని పైకెత్తి చూపించాలి.

రఫల్ నవ్వుతూ మిగిలిన కార్డుని, మూడోదాన్ని, తిప్పింది.

గోధుమరంగు నీళ్ళు. మునుగుతున్న మేడలు. అది వరద.

అరుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఉంగరం ఐదింట్లోనూ లేదు.

“చూశారా!” ముహన్నద్ గొంతు అందరికంటే ముందు లేచింది. “లేని ఉంగరాన్ని హాజీ ఎక్కణ్ణుంచి తీస్తారు? ఇదా నీ కొత్త నియమం రఫల్? మేనమామనే మోసం చేస్తావా?”

“దుప్పటి కింద చివరి చెయ్యి ఎవరిదిరా?” అన్నాడు లుఅయ్. “వరద కార్డులు నీ దోస్తుల జేబుల్లోనే కదా ఉండేవి?”

అటూ ఇటూ నలుగురు లేచారు. ఎవరో ముహన్నద్ చొక్కా పట్టుకున్నారు. రఫల్ ఆ గొడవంతా వినడం లేదు. అందరి ముందూ తన చేత్తో ఇచ్చిన ఉంగరం. అది ఇప్పుడు లేదు. మేనమామ తన వైపు ఎలా చూస్తున్నాడో చూడటానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

“కూర్చోండి!” అన్నాడు అబూ గాయిబ్.

ఆ గొంతు కాజిమియా వీధుల్లో వందలమందిని కూర్చోబెట్టిన గొంతు. అందరూ కూర్చున్నారు.

“నా అబా కింద ఉంగరం మాయమైంది. ఇది నా పరువు. ఈ గదిలోంచి ఎవరూ కదలరు. చేతులు చాచండి.”

ఎవరికీ రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. బాగ్దాదులో పుట్టిన మగవాడికి ఆ మాట వినగానే పిడికిలి దానంతటదే బిగుస్తుంది. గోడ పొడుగునా, బల్లల చుట్టూ, పిడికిళ్ళు వరస కట్టాయి. ఆయన నడవడం మొదలుపెట్టాడు. లుఅయ్ ముందు ఆగకుండా వెళ్ళాడు. వరద దోస్తులని దాటేశాడు. ముహన్నద్ ముందు నిలబడి, చాలాసేపు చూశాడు.

“నీ కడుపులో చాలా ఉన్నాయి, నాయనా. చేతిలో మాత్రం ఏమీ లేదు” అని ముందుకి కదిలాడు.

సినాన్ దగ్గర ఆగాడు. అందరిలోకీ అతనొక్కడే చేతులు చాచలేదు. కుడిచెయ్యి జేబులో ఉంది.

“ఇచ్చెయ్” అన్నాడు అబూ గాయిబ్. ఆ మాటని అంత మెత్తగా ఆయన ఎన్నడూ అనలేదు.

రఫల్ కుర్చీ తోసుకుని వచ్చింది. “సినాన్?”

“ముందు నా మాట విను రఫల్...”

“ముందు ఉంగరం. తర్వాత మాట.”

సినాన్ చెయ్యి బయటికి వచ్చింది. ఉంగరం కార్డు నాలుగు మడతలు పడి ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టి, తల దించుకుని చెప్పాడు. “ఇక్కడ నువ్వు ఓడిపోతే నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. నీ అంతట నువ్వే తీసేశావని అందరూ అనుకునేవాళ్ళు. అందుకే ఉంగరం తీసి వరద పెట్టాను, మోసం చేశావని నువ్వు ఓడిపోవాలని. మహల్లా అచ్చయిపోయింది రఫల్. పెట్టెలు కూడా కట్టేశారు. వాటిలో ఉంగరం లేదు. పిడికిళ్ళు లేవు. వరద బొమ్మలే నాలుగు కొత్తవి వేయించారు నాచేత.”

ఎవరో జిలేబీ పళ్ళెం మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నారు. రఫల్ మడతలు పడ్డ కార్డుని అరచేత్తో బల్లమీద సాపు చేసింది, ఒకసారి, ఇంకోసారి.

“పెట్టెలు బయటికి వెళ్ళిపోయాయా?”

“లేదు. ఇవాళ శుక్రవారం కదా, ప్రెస్సు మూసేశారు. రేపు పొద్దున లారీ వస్తుంది.”

“అయితే ఇంకా టైముంది” అంది రఫల్. శాలువా తలకి బిగించి కట్టుకుంది. “ప్రెస్సు తాళం ఎవరి దగ్గరుంది?”

సినాన్ చూపు ముహన్నద్ కూర్చున్న వైపు తిరిగింది. అందరూ అటు చూశారు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది, వీధి తలుపు ఇంకా ఊగుతోంది.